గోదారి గట్టున సాధన... డాన్యూబ్ గట్టున ప్రయాణం!

పదవీ విరమణ రోజున శాలువా కప్పుతారు. పూలదండ వేస్తారు. గోడ గడియారమో, దేవుడి పటమో చేతిలో పెట్టి ఇంటికి సాగనంపుతారు. మరి ఆ మర్నాడు? పొద్దున్నే లేచి ఎక్కడికెళ్లాలి? కొందరు గుడికెళ్తారు. కొందరు మనవల్ని బడికి దింపుతారు. కొందరికి మాత్రం పాత కోరిక ఒకటి మళ్లీ తలెత్తుతుంది... సైకిలెక్కి దేశం దాటిపోవాలని! అరవై దాటాక అది సాధ్యమేనా? సాధ్యమే. కాకపోతే దానికి ఒక ఏడాది కావాలి, ఒక ఊరు కావాలి, ఇంట్లోవాళ్ల ఒప్పుదల కావాలి. ఆ ఊరు బూర్గంపాడు అయితే ఎలా ఉంటుందో చూద్దాం.

తెల్లవారుజామున ఐదు గంటలు. కిన్నెరసాని మీద ఇంకా చీకటి విడిపోలేదు. ఈ వాగు వెళ్లి గోదావరిలో కలిసేది బూర్గంపాడు దగ్గరే. కాస్త దూరంలో సారపాక కాగితం మిల్లు. ఆ పక్కనే వంతెన, వంతెన దాటితే భద్రాచలం రాముడు. కలప లోడు లారీలు, షిఫ్టుకెళ్లే మోటారు సైకిళ్లు, భక్తుల బస్సులు. వీటి నడుమ సైకిల్‌కి రెండు వైపులా సంచులు కట్టుకుని ఒక పెద్దమనిషి తొక్కుతూ వెళ్తున్నారనుకోండి. టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు అడక్క మానరు.

‘‘ఏంది సారూ, పొద్దుగాల్నే ఇసుక మోస్తున్నవ్? ఇల్లు కడుతున్నవా?’’

సంచుల్లో ఉన్నది నిజంగా ఇసుకే. ఇల్లు కట్టడానికి కాదు... కాళ్లు గట్టిపడటానికి!

ఊహే అయినా...

ఒక సారుని ఊహించుకుందాం. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పారు. తెలంగాణలో 2021లో పదవీ విరమణ వయసుని 58 నుంచి 61కి పెంచారు కాబట్టి ఆయనకి ఇప్పుడు 61. ముప్పయ్యేళ్లకు పైగా గోడకి తగిలించిన ఐరోపా పటం మీద బెత్తం పెట్టి ‘ఇది డాన్యూబ్ నది’ అని చెప్పడమే తప్ప ఆయన దాన్ని చూసింది లేదు. కూతురు అమెరికాలో ఉంది. ‘నాన్నా, ఇక్కడికొచ్చి ఆరు నెలలుండండి’ అంటోంది. ఆయనేమో ‘వస్తానమ్మా... ముందు ఒకచోటికి వెళ్లొస్తా’ అంటున్నారు.

పేరున్న మనిషి కాదాయన. కానీ బూర్గంపాడు చుట్టుపక్కల ఇలాంటివారు లేకపోరు. సారపాక మిల్లు, మణుగూరు బొగ్గు గనులు, అశ్వాపురం భారజల కర్మాగారం, పాల్వంచ విద్యుత్ కేంద్రం, ఊరూరా బడులు... ఏటా ఎందరో ఉద్యోగం ముగించుకునే ప్రాంతమిది. చిన్నప్పుడు సైకిల్ మీద బడికెళ్లిన తరం వాళ్లది. అద్దె సైకిలెక్కి, కాంచీ తొక్కి నేర్చుకున్నవాళ్లు. వాళ్లకి సైకిల్ కొత్త కాదు. దూరమే కొత్త.

ముందే వెళ్లొచ్చినవాళ్లు

సైకిల్ మీద దేశాలు దాటడం మనవాళ్లకి నిన్నా మొన్నటి ముచ్చట కాదు. 1923 అక్టోబరు 15న బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్లెక్కి ప్రపంచయాత్రకి బయల్దేరారు. నాలుగున్నరేళ్లకి, 1928 మార్చిలో తిరిగొచ్చింది మాత్రం ముగ్గురే. ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భూంగరా. కలకత్తా కుర్రాడు బిమల్ ముఖర్జీ 1926లో బయల్దేరి, లోకం తిరిగి ఇల్లు చేరేసరికి 1937 అయింది. ఒడిశా చిత్రకారుడు ప్రద్యుమ్న కుమార్ మహానందియా ప్రేమించిన అమ్మాయి కోసం 1977లో ఢిల్లీ నుంచి సైకిల్ మీద బయల్దేరి స్వీడన్ చేరారు.

వాళ్లంతా కుర్రాళ్లు కదా అనొచ్చు. నిజమే. మరి ఫ్రాన్స్ దేశపు రాబర్ట్ మార్‌షాన్ సంగతేంటి? 1911లో పుట్టిన ఆయన 2017 జనవరిలో, 105 ఏళ్ల వయసులో సైకిల్ ట్రాక్ మీద గంటలో 22.547 కి.మీ. తొక్కారు. ఆ వయసు వాళ్ల విభాగంలో అది రికార్డు. మానకుండా చేసిన వ్యాయామమే ఆయన బలం.

ప్రయాణానికి సిద్ధం కావడం తెలుగువాళ్లకి తెలియని విద్యా కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు. పరివారంతో, పల్లకీతో దాదాపు 16 నెలల యాత్ర. దారిలో ఏ ఊళ్లో ఏం దొరుకుతుందో, ఏ వాగు ఎలా దాటాలో రాసి పెట్టారు. సైకిల్ యాత్రికుడు చేసేదీ అదే. పరివారం ఉండదంతే!

నది నుంచి నదికి

వెళ్లాలంటే ప్రపంచమంతా ఉంది. మరి డాన్యూబే ఎందుకు?

గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషికి నది వెంట వెళ్లడమంత తేలికైన దారి ఇంకోటి లేదు. గోదావరి పొడవు 1,465 కి.మీ. డాన్యూబ్‌ది సుమారు 2,850 కి.మీ., అంటే దాదాపు రెట్టింపు. జర్మనీలోని నల్లడవిలో పుట్టి, పది దేశాలను తాకుతూ నల్లసముద్రంలో కలుస్తుంది. వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్... నాలుగు రాజధానులు దాని గట్టునే ఉన్నాయి. యూరోవెలో-6 అనే సైకిల్ మార్గం చాలా దూరం ఈ నది వెంటే సాగుతుంది. అట్లాంటిక్ తీరంలో మొదలై రుమేనియాలోని కాన్‌స్టాంట్సా దగ్గర నల్లసముద్రం చేరుతుంది. నదితో పాటు కిందికి దిగే దారి కాబట్టి పెద్ద ఎక్కుళ్లు తక్కువ. జర్మనీ, ఆస్ట్రియాల్లో అయితే నది పక్కన చాలాచోట్ల సైకిళ్ల కోసమే బాటలున్నాయి. తెల్లజుట్టు దంపతులు సంచులు కట్టుకుని తొక్కుతూ కనిపించడం అక్కడ వింతేం కాదు.

లెక్క చూద్దాం. వంపులతో కలిపి మూడు వేల కిలోమీటర్లు అనుకుంటే, రోజుకి 50 చొప్పున 60 రోజులు. ఐదు రోజులు తొక్కితే ఒక రోజు విశ్రాంతి... అవొక 12. మొత్తం 72 రోజులు. రోజుకి 50 కి.మీ. అంటే భద్రాచలం నుంచి కొత్తగూడెం వెళ్లి, ఇంకాస్త ముందుకి పోవడం. ఒక్కరోజుకి అదేం పెద్ద దూరం కాదు. కానీ మర్నాడూ, ఆ మర్నాడూ అంతే దూరం తొక్కాలి. ఏడాది పొడవునా శరీరానికి అలవాటు చేయాల్సింది దీన్నే.

రుతువులే గురువులు

బూర్గంపాడులో ఏడాది గడిపితే ఒక సైకిల్ యాత్రికుడికి కావలసిన పాఠాలన్నీ దొరుకుతాయి.

జూన్‌లో మొదలెడితే మొదటి పాఠం ఎదురుగాలి. నైరుతి గాలి మొహానికి కొడుతుంటే చదును రోడ్డు కూడా ఎక్కులా ఉంటుంది. మొదటి నెల రోజుకి గంట చాలు. వేగం లెక్క కాదు. తొక్కుతూ పక్కవాళ్లతో మాట్లాడగలిగితే సరైన వేగంలో ఉన్నట్టు. మాట తెగిపోతుంటే తగ్గించాలి.

జులై, ఆగస్టుల్లో గోదావరే సెలవిస్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకి వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు. అప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. గోదావరి నిండితే కిన్నెరసాని నీళ్లు వెనక్కి తన్ని బూర్గంపాడుని ముంచుతాయి. ఇక్కడివాళ్లకి నది దగ్గర మెలకువ ఎవరూ నేర్పనక్కర్లేదు. ‘వెనక్కి తిరగడం ఓటమి కాదు’ అని ఈ ఊరు ప్రతి వానాకాలం చెబుతూనే ఉంటుంది. సైకిల్ యాత్రికుడు ముందుగా నేర్చుకోవలసిన మాట అదే.

వాన తగ్గి అక్టోబరు వచ్చాక అసలు సాధన. వారానికి నాలుగు రోజులు తొక్కడం, మూడు రోజులు విశ్రాంతి. ఒక వారం పర్ణశాల దాకా, ఇంకో వారం పాల్వంచ మీదుగా కొత్తగూడెం దాకా. సంచుల్లో మొదట ఐదు కిలోల ఇసుక, తర్వాత పది, తర్వాత పదిహేను. ఖాళీ సైకిల్ ఒక రకం, బరువు సైకిల్ ఇంకో రకం. పల్లంలో బ్రేకు వేస్తే ఎంత దూరం జారుతుందో, ఇసుకలో హ్యాండిల్ ఎటు లాగుతుందో ఇక్కడే తెలియాలి. మూడు నాలుగు రోజులు వరసగా తొక్కితే మోకాళ్లేమంటాయో, కూర్చున్న చోట ఎక్కడ ఒరుసుకుంటుందో తెలుస్తుంది. సీటు ఎత్తు తప్పితే మోకాలు నొప్పి ఖాయం. తొక్కుడు పూర్తిగా కిందికి దిగినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. కాలు చాలా వంగుతోందంటే సీటు తక్కువైనట్టు. మడమ అందక నడుము అటూ ఇటూ ఊగుతోందంటే ఎక్కువైనట్టు.

డిసెంబరు, జనవరుల్లో చలి పాఠం. మే నెలలో కూడా డాన్యూబ్ పుట్టే కొండల్లో పొద్దున్న పూట మన జనవరి కంటే చల్లగా ఉంటుంది. చింతూరు నుంచి మారేడుమిల్లి వెళ్లే ఘాట్ రోడ్డు అటు చలికీ ఇటు ఎక్కుళ్లకీ మంచి బడి. అడవి దారి కాబట్టి పగటిపూటే వెళ్లాలి, ఒంటరిగా వెళ్లకూడదు, ఎటు వెళ్తున్నదీ ఇంట్లో చెప్పి వెళ్లాలి. గుడారంలో పడుకోవడం మాత్రం అడవిలో మొదలుపెట్టనక్కర్లేదు. ఇంటి డాబా మీద పది రాత్రులు పడుకుంటే చాలు. చీకట్లో తడుముకుంటూ గుడారం విప్పి, మడిచి, సంచిలో పెట్టడం వచ్చేస్తుంది.

మార్చి వస్తే ఎండ. ఈ ప్రాంతంలో వేసవి ఎంత మండుతుందో చెప్పక్కర్లేదు. ఎనిమిది లోపే ఇంటికి చేరాలి. మజ్జిగ, సబ్జా నీళ్లు, ఉప్పు వేసిన నిమ్మరసం, దొరికితే తాటిముంజలు. దాహం వేశాక తాగడం కాదు, వేయకముందే తాగడం అలవాటు కావాలి. జులైలో తూర్పు ఐరోపా మైదానాల్లోనూ ఎండలు గట్టిగానే ఉంటాయి. అప్పుడు ఈ అలవాటే కాపాడుతుంది.

సైకిల్ షాపులో చదువు

లక్షలు పోసి సైకిల్ కొనక్కర్లేదు. ఇనుప ఫ్రేము, బలమైన చక్రాలు, ఎక్కుళ్లకి తేలికైన గేర్లు, వెనక గట్టి క్యారియర్ ఉంటే చాలు. ఇనుప ఫ్రేము విరిగినా ఏ ఊళ్లోనైనా వెల్డింగ్ చేస్తారు. వెనక చక్రానికి 36 పుల్లలుంటే బరువు బాగా మోస్తుంది.

అంతకంటే ముఖ్యం చేతులకి మసి అంటించుకోవడం. వీధి చివర పంచర్ షాపు ముందు స్టూలు వేసుకుని కూర్చోవాలి. ట్యూబు తీసి నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూడటం, గరుకు కాగితంతో రుద్ది సొల్యూషన్ పూసి అది ఆరాకే ప్యాచీ అంటించడం, తెగిన పుల్ల మార్చి చక్రం బెండు తీయడం, చైను లింకు విప్పి కలపడం, బ్రేకు కట్టెలు మార్చడం... ఇవి వస్తే సగం భయం పోతుంది. సోషల్ సారుకి అక్కడ గురువు ఆయన పాత శిష్యుడే కావచ్చు. ‘‘అట్ల కాదు సార్, తిరగేసి తిప్పండి’’ అని శిష్యుడు చెబుతుంటే వినాలి. నిజమే మరి, సైకిల్ ఎడమ తొక్కుడు మర మిగతా మరల్లా ఉండదు, దానికి వ్యతిరేకంగా తిరుగుతుంది. విమానంలో పంపడానికి సైకిల్‌ని అట్టపెట్టెలో పెట్టాలంటే తొక్కుళ్లు విప్పాలి, హ్యాండిల్ పక్కకి తిప్పాలి. ఆ ఒక్క మర సంగతి తెలియకపోతే విమానాశ్రయం ముందు చెమటలు పడతాయి.

ఇక్కడ సాధన చేయడానికి కుదరనిది ఒకటుంది. అక్కడ బండ్లన్నీ రోడ్డుకి కుడివైపున నడుస్తాయి. అరవయ్యేళ్లు ఎడమకి అలవాటైన కన్ను రోడ్డు దాటేటప్పుడు తప్పు వైపు చూస్తుంది. దానికి ఒకటే మందు... హ్యాండిల్‌కి ఎడమవైపు అద్దం బిగించడం, మొదటి మూడు రోజులు బండ్లు తిరగని బాటల మీదే తొక్కడం.

కాగితాల కొండ

కొండెక్కడం ఒక ఎత్తయితే, కాగితాల కొండ ఇంకో ఎత్తు.

పాస్‌పోర్ట్ కోసం ఇదివరకులా హైదరాబాద్ చుట్టూ తిరిగే పని తగ్గింది. 2017 నుంచి పోస్టాఫీసుల్లోనూ సేవా కేంద్రాలు పెడుతూ వచ్చారు. అసలు మెలిక వీసాలో ఉంది. షెంజెన్ వీసాతో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకి మించి ఉండకూడదు. డాన్యూబ్ దారిలో జర్మనీ, ఆస్ట్రియా, స్లొవాకియా, హంగరీ షెంజెన్ దేశాలే. క్రొయేషియా 2023లో చేరింది. రుమేనియా, బల్గేరియా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా చేరాయి. మధ్యలో సెర్బియా మాత్రం షెంజెన్‌లో లేదు. అంటే సెర్బియాలోకి అడుగుపెట్టడమంటే షెంజెన్ దాటి బయటికి పోవడమే. ఒక్కసారి ప్రవేశానికే వీసా తీసుకుంటే మళ్లీ రుమేనియాలోకి రానివ్వరు. నల్లసముద్రం చూడకుండానే ప్రయాణం అక్కడ ఆగిపోతుంది! అందుకే దరఖాస్తులోనే పలుమార్లు ప్రవేశించే వీసా అడగాలి. ఎందుకు కావాలో దారి పటంతో సహా వివరించాలి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు. సెర్బియా నిబంధనలు కూడా బయల్దేరే ముందు మరోసారి సరిచూసుకోవాలి.

షెంజెన్ వీసాకి కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఈ వయసులో అది మొక్కుబడి కాగితం కాకూడదు. బీపీ, షుగర్ లాంటివి దాచకుండా రాయాలి. దాస్తే అవసరమైనప్పుడు డబ్బు రాదు. సైకిల్ యాత్రకి ఆ పాలసీ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగాలి. డాక్టర్ని కలిసి గుండె పరీక్ష, కంటి పరీక్ష, పంటి పరీక్ష చేయించుకోవాలి. మందుల చీటీలో కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు రాయించుకోవాలి. బూర్గంపాడులో దొరికే మాత్ర పేరు బుడాపెస్ట్‌లో ఎవరికీ తెలియదు!

పింఛను సంగతీ మరవకూడదు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక ఆ పని సులువైనా, గడువు ఎప్పుడో చూసుకుని ప్రయాణ తేదీలు పెట్టుకోవాలి.

ఇక తిండి. పొడులు, పచ్చళ్లు సరే. నెయ్యి సీసా మాత్రం ఇంట్లోనే వదిలేయాలి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ప్రయాణికులు తమ వెంట తీసుకురాకూడదని ఐరోపా సమాఖ్య నిబంధన. పెరుగులో ఊరేసిన చల్ల మిరపకాయలదీ అదే దారి. కందిపొడి, గోంగూర, చింతపండు, చిన్న గిన్నె ఉంటే అన్నం ఎక్కడైనా వండుకోవచ్చు. స్టవ్ గ్యాస్ విమానంలో రానివ్వరు, అక్కడే కొనుక్కోవాలి. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఎక్కడ పడితే అక్కడ గుడారం వేయడం కుదరదు. క్యాంపు మైదానాలుంటాయి. సైకిల్ యాత్రికులకి తమ ఇళ్లలో ఉచితంగా చోటిచ్చే వార్మ్‌షవర్స్ లాంటి బృందాలూ ఉన్నాయి.

ఇంట్లో ఒప్పందం

ఇవన్నీ ఒక ఎత్తు. మిగిలిన ఎత్తు వంటింట్లో ఉంటుంది.

‘‘ఏమండీ, రోడ్డు మీద ఏదైనా అయితే ఇక్కడ నా గతేంటి?’’ ఆవిడ అడిగేది ఈ ఒక్క ప్రశ్నే. దీనికి ‘ఏమీ కాదులే’ అనేది జవాబు కాదు. ముప్పయ్యేళ్లు ఆయన బడికీ, పేపర్లు దిద్దడానికీ, ఎన్నికల డ్యూటీలకీ వెళ్తుంటే ఇల్లు నడిపింది ఆవిడ. ఉద్యోగం అయిపోయాకన్నా మనిషి ఇంట్లో ఉంటాడనుకుంది. ఆ ఎదురుచూపుకి విలువ ఇవ్వకుండా తీసిన సైకిల్ ఎంత దూరం పోయినా ఏం లాభం?

జవాబు చేతల్లో ఉండాలి. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరా మార్చడం, నామినీ పేర్లు సరిచూడటం, ఇంటి కాగితాలు, బీమా పత్రాలు ఒకచోట పెట్టి ఆవిడకి చూపించడం, వీలునామా రాయడం. వీలునామా అనగానే అపశకునం అనుకుంటారు. నిజానికి అది అరవై దాటిన ప్రతి ఇంట్లోనూ ఉండాల్సిన కాగితమే. సైకిల్ వంకతో ఆ పని జరిగితే అదే మొదటి లాభం.

రెండోది ఫోను. రోజూ సాయంత్రం ఒకే వేళకి. వేసవిలో మధ్య ఐరోపా సమయం మనకంటే మూడున్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం ఐదైతే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. ఆయన గుడారం వేసే వేళకి ఆవిడ భోజనం ముగిస్తుంది. ఒక పూట ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలో, రెండు పూటలు రాకపోతే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవాలి. ఐరోపా సమాఖ్య దేశాల్లో ఎక్కడైనా అత్యవసర నంబరు 112. ఇప్పుడు మన దగ్గరా అదే.

మూడోది అన్నిటికంటే కష్టం. ఎక్కడ వద్దనిపిస్తే అక్కడి నుంచి వచ్చేయడం. వియన్నాలోనే మోకాలు మొరాయించవచ్చు. ఇంటి మీద బెంగ పట్టుకోవచ్చు. కూతురికి అవసరం రావచ్చు. బూర్గంపాడంతా ‘సారు నల్లసముద్రం దాకా పోతుండు’ అని చెప్పుకున్నాక సగంలో తిరిగి రావడానికి మొహం చెల్లదు. మొండికేసి ముందుకి వెళ్లే ప్రమాదం అక్కడే ఉంది. అందుకే బయల్దేరేముందే టీకొట్టులో ఒక మాట చెప్పి ఉంచాలి: ‘‘పోయినంత దూరం పోతా. అయినకాడికి అయింది.’’ బొంబాయి ఆరుగురిలోనూ ముగ్గురే ప్రపంచం చుట్టి వచ్చారు. అయినా బయల్దేరిన ఆరుగురినీ ఇవాళ్టికీ తలుచుకుంటున్నాం కదా!

బహుశా ఆ మాట విన్న రోజే ఆవిడ ఒప్పుకుంటుంది. ‘‘సరే పోండి. కందిపొడి నేను కొడతా’’ అంటుంది.

మునిగిన ఊరు, మిగిలిన తివాచీ

బూర్గంపాడు నుంచి కుక్కునూరు వైపు తొక్కితే దారిలో రాష్ట్రం మారిపోతుంది. 2014లో పోలవరం ముంపు కోసం కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్నీ, బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాల్నీ ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. నిన్నటిదాకా ఒకే ఖమ్మం జిల్లా. ఇప్పుడు సైకిల్ చక్రం ఒక రాష్ట్రంలో నుంచి ఇంకో రాష్ట్రంలోకి దొర్లుతుంది. అటువైపు గిరిజన గూడేలు, ఇప్పచెట్లు, వారపు సంతలు. ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలో, పునరావాస కాలనీలో చోటెక్కడో అన్న మాటలే చాలాకాలంగా అక్కడి ముచ్చట్లు. సాధన కోసం ఆ దారిన వెళ్లే మనిషికి ఇవన్నీ చెవిన పడక మానవు.

డాన్యూబ్ మీదా సరిగ్గా ఇలాంటి చోటొకటుంది. సెర్బియా, రుమేనియాల మధ్య కొండల్ని చీల్చుకుంటూ నది సాగే చోటుని ఉక్కు ద్వారాలు అంటారు. అక్కడ రెండు దేశాలూ కలిసి కట్టిన పెద్ద ఆనకట్ట 1972లో పూర్తయింది. దాని కింద ఆదా కలే అనే చిన్న లంక మునిగిపోయింది. తుర్కులు తరతరాలుగా బతికిన లంక అది. ఇళ్లు, బజారు, మసీదు అన్నీ నీళ్లకిందికి పోయాయి. ఒర్షోవా అనే పాత పట్నం కూడా మునిగితే పైన కొత్త ఊరు కట్టారు. అక్కడి నీటి పక్కన నిలబడితే, వేలేరుపాడు వైపు తొక్కిన మనిషికి ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు.

జర్మనీలోని పసావు పట్నంలో పురభవనం గోడ మీద వరద గుర్తులుంటాయి. ఏ ఏడాది నీరు ఎంత ఎత్తు వచ్చిందో గీతలు గీసి పెట్టారు. 2013 జూన్‌లో వచ్చింది అయిదు శతాబ్దాల్లో అతి పెద్ద వరద. 1986నీ, 2022నీ చూసిన కళ్లకి ఆ గీతలు చదవడం రాకపోతుందా? అక్కడి భాష రాకపోవచ్చు. ఆ గోడ మాత్రం అర్థమవుతుంది.

ఇంతకీ ప్రయాణం ముగిసేది కాన్‌స్టాంట్సాలో. అక్కడి పెద్ద మసీదులో ఒక పాత తివాచీ ఉంది. ఆదా కలే లంక మునిగే ముందు అక్కడి మసీదు నుంచి తెచ్చి పరిచినదది. ఊరు పోయింది. తివాచీ మిగిలింది. నది పొడవునా వేల కిలోమీటర్లు తొక్కి వెళ్లిన ఒక సోషల్ సారు చివరికి ఆ తివాచీ ముందు నిలబడితే, పటం మీద బెత్తంతో చూపించిన నీలి గీత అప్పుడు ఆయనకి నిజంగా నదవుతుంది.

తిరిగొచ్చాక కిన్నెరసాని గట్టున అదే టీకొట్టు. అదే ప్రశ్న.

‘‘ఏంది సారూ, ఏం చూసొచ్చినవ్?’’

చెప్పడానికి చాలా ఉంటుంది. బహుశా ఆయన ముందుగా చెప్పేది మాత్రం ఇదే: ‘‘ఆడ గూడ గోదారి లాంటిదే ఉందిరా. ఆడ గూడ ఊళ్లు మునిగినయ్. నీళ్లు తీసినంక గోడలు కడుక్కుని మళ్ల బతుకుతున్నరు... మన లెక్కనే!’’